మాటకు పెట్టిన పథ్యం

మా ఆయనకు ఈమధ్యనే చెవి మిషను వచ్చింది. ముప్పయ్యేళ్లు బడుల వెంట తిరిగి పిల్లల చెవులు పరీక్షించిన నాకు, ఇంట్లో మనిషికి వినపడటం లేదని తెలియడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. కావాలనే పలకడం లేదనుకుని అన్నాళ్లూ దెబ్బలాడాను. ఇప్పుడు ఆ మిషను స్విచ్చి ఆపకుండానే తీసి, రుమాలు కిందో పేపరు కిందో పెట్టేస్తారు. అది అక్కడ సన్నగా ఈల వేస్తూ ఉంటుంది. ఆయనకు ఎలాగూ వినపడదు కనుక, అది ఎక్కడ ఉందో వెతుక్కుంటూ నేను ఇల్లంతా తిరుగుతాను. మొన్న సోమవారం పొద్దున్న అలాగే సొరుగులన్నీ లాగి చూస్తుంటే ఫోను మోగింది. నిడదవోలు అవతల ఒక పల్లెటూరి బడి హెడ్మాస్టరు గారు. ఆయన గొంతులో మొహమాటం వింటూనే నాకు విషయం సగం అర్థమైంది. ఊళ్లో మూడేళ్ల పిల్లాడికి కిందటి నెలలో చెవి మిషన్లు పెట్టారట. అప్పటినుంచి వాడి తల్లి వాడి దగ్గర నోరు మెదపడం మానేసిందట. "మన వంటామె పెట్టించిన పత్యమండి. మాటల మేడం గారు చెప్పిన వైద్యమే అంటోందండి మరి," అన్నారాయన. ఆ మాటల మేడాన్ని నేనే. ఫోను పెట్టేసిన తరవాత రుమాలు కింద ఈల వినపడుతూనే ఉన్నా నేను మిషను తీయలేదు.

నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. అరికాళ్లలో చక్రాలున్నాయని మా అమ్మ అనేది. రాజమండ్రిలో కాపురం, కొవ్వూరు, నిడదవోలు చుట్టుపక్కల బడుల్లో ఉద్యోగం. పొద్దున్నే పాసింజరెక్కి వంతెన దాటేటప్పుడు అందరూ గోదారిలో చిల్లర వేసి దణ్ణం పెట్టుకుంటుంటే, నేను ఆ రోజు చూడాల్సిన బడుల జాబితా తీసి ఎక్కడ ఎంతసేపట్లో బయటపడచ్చో లెక్కలు వేసుకునేదాన్ని. నా భుజానికి ఒక సంచి, చేతిలో వినికిడి పరీక్ష పెట్టె. సంచిలో బొమ్మల అట్టలు. ఒకవైపు బొమ్మ, వెనక దాని పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండేవి. ఆ అట్టలు చేసినవాళ్లు ఏ ఊరివాళ్లో గాని, పండ్లలో పియర్ పండు పెట్టారు. మా పల్లెల్లో ఏ పిల్లాడికి చూపించినా జామకాయ అనే అనేవాడు. రూలు ప్రకారం అది తప్పు కింద రాయాలి. మొదట్లో రాశాను కూడా. తరవాత నాకే సిగ్గేసి, జామకాయన్న వాళ్లందరికీ మార్కు వేసేయడం మొదలుపెట్టాను. అంతటి తెలివి ఉన్నదాన్ని అసలైన చోట ఏం చేశానో చెప్పడానికే ఇదంతా.

ఆరేడేళ్ల కిందటి మాట. అప్పుడే సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం అవుతున్నాయి. పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఆ బడిలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉండేది. పుట్టుకతోనే రెండు చెవులా వినికిడి బాగా తక్కువ. ఆ సంగతి ఎవరూ గమనించక, ఐదేళ్లు నిండాక ఏదో క్యాంపులో మిషన్లు పెట్టారు. నేను మొదటిసారి చూసేనాటికి పిల్లకు పాతిక ముప్పై మాటలు వచ్చు, అన్నీ తెలుగువే, అన్నీ వంటింటివే. తండ్రి లారీ మీద వెళితే వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవాడు. తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో పనికి తెల్లారకుండా కంపెనీ బస్సెక్కి వెళ్లి పొద్దుగూకాక వచ్చేది. పిల్లను పెంచింది నాయనమ్మే. ఆవిడే ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే వంటామె.

ఆవిడ గొంతు గురించి చెప్పాలి. నేను ఆటో దిగి రోడ్డు మీద ఉండగానే వంటపాక లోంచి వినపడేది. పప్పుతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, గుడ్లు ఒలుస్తూ ఒక్కో గుడ్డునూ పేరు పెట్టి తిట్టేది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నంతసేపూ దాని మొహంలోకి చూస్తూ చెబుతూనే ఉండేది, ఇదిగో గరిట, ఇదిగో ఉప్పు, ఇదేమో మీ హెడ్మాస్టరు గారికి ఇష్టమైన గోంగూర అని. ఎప్పుడూ ఇంత మాట్లాడతారేంటండీ అని ఒకసారి అడిగితే, "మా అమ్మ నాకు వస ఎక్కువ పోసేసిందండి. దీనికీ పోశానండి, తేనెలో అరగదీసి. ఏం లాభం, చెవుల్లో లోపమైతే నాలిక్కి పోసి ఏం చేస్తామండి," అంది. చదువుకున్న వాళ్లు కూడా ఇంత సూటిగా చెప్పలేని సంగతి అది. ఆ పిల్లకు వచ్చిన పాతిక మాటలూ ఆవిడ పెట్టిన భిక్షే. మిషను పెట్టిన ఏడాది తరవాత నేను చేయాల్సిన పని ఆవిడ ముందే చేస్తూ ఉంది. నాకది కనబడలేదు.

నాకు కనబడిందల్లా పిల్ల క్లాసులో వెనకబడటం. టీచరమ్మ ఇంగ్లీషులో అడుగుతుంది, పిల్ల బిక్కమొహం వేస్తుంది. మేం చదువుకునే రోజుల్లో మాకొక పాఠం చెప్పేవారు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు రెండు భాషలు వద్దు, గందరగోళ పడతారు, ఒక్కటే పెట్టుకోండి అని. అది తప్పని, ఇంటి భాష గట్టిపడితేనే రెండోది దాని మీద నిలబడుతుందని అప్పటికే చాలాచోట్ల విని ఉన్నాను. కానీ తొందరలో ఉన్న మనిషి నోటికి కొత్తగా విన్నది రాదు, పాత పాఠమే వస్తుంది. ఆ రోజు సాయంత్రం పాసింజరు అందుకోవాలని ఆటో ఎక్కి కూర్చుని ఉన్నాను. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చి, పిల్ల సంగతేంటండీ అని అడిగింది. ఒకే భాషలో మాట్లాడాలి, బడిలో ఇంగ్లీషు కాబట్టి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలి అన్నాను. నాకు రాదు కదండీ అంది. రాకపోతే తెలుగులో మాట్లాడి పిల్లను కలవరపెట్టకండి అన్నాను. ఆవిడ మొహం చూడలేదు, వాచీ చూసుకుంటున్నాను. ఎన్నాళ్లండీ అని అడిగింది. నేను మళ్లీ వచ్చేదాకా అని చెప్పి, పోనీవయ్యా అని ఆటో అబ్బాయి భుజం తట్టాను. ఆ పాసింజరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నేను నిడదవోలు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగకాయలు తిన్నాను.

పల్లెటూళ్లో పథ్యమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ఆవిడ కొడుక్కి చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే పసరు మందు వేయించారట. ఆ నలభై రోజులూ ఇంట్లో నూనె చుక్క పడలేదు, పోపు వాసన రాలేదు. కుర్రాడొక్కడే చప్పిడి తింటే వాడికి నోరూరుతుందని ఇంటిల్లిపాదీ చప్పిడే తిన్నారు. మందిచ్చినవాడు చాలన్నదాకా పథ్యం విడవకూడదు, విడిస్తే వేసిన మందు విరుగుతుంది. ఈ కథ ఆవిడే నాకు చెప్పింది. అలాంటి మనిషికి నేను, మళ్లీ వచ్చేదాకా అని గడువు పెట్టి వచ్చాను. అది ఫిబ్రవరి. మార్చిలో వస్తానని రిజిస్టరులో రాసుకున్నాను. మార్చిలో పరీక్షలన్నారు. తరవాత ఎండాకాలం సెలవులు. బడులు తెరిచేసరికి నన్ను పట్టిసీమ వైపు బడులు చూడమన్నారు. అటు వెళ్లాక గోదారికి వరదొచ్చింది. ఒక బడిలో ఉండగా మనసు రెండో బడిలో ఉండే నాకు, వెనక వదిలేసిన బడి ఒక్కసారీ గుర్తు రాలేదు. నేను మళ్లీ ఆ ఊరు వెళ్లేసరికి సెప్టెంబరు.

ఆటో దిగినప్పుడు ఏదో తేడాగా అనిపించింది గాని ఏమిటో తెలియలేదు. పిల్లను పరీక్ష చేశాను. అట్టలు చూపించి ఇంగ్లీషులో అడిగితే బాల్, క్యాట్, అంబ్రెల్లా అని ఇరవై దాకా చెప్పింది. టీచరమ్మ మురిసిపోయింది. నేనూ మెరుగుపడిందని రాసేశాను. తరవాత అట్టలు పక్కన పెట్టి, నిన్న ఇంట్లో ఏం చేశావు తల్లీ అని అడిగాను. పిల్ల నా వంక చూసి ఊరుకుంది. తెలుగులో అడిగినా, ఇంగ్లీషులో అడిగినా, సైగతో అడిగినా అంతే. అట్ట మీద బొమ్మకైతే పేరు చెబుతుంది, తన సంగతి ఒక్కటీ చెప్పడానికి నోరు రాదు. ఫిబ్రవరిలో గరిట, ఉప్పు, వేడి, అన్నం పెట్టు అన్న పిల్లే ఇది. మిషను పాడైందేమోనని అనుమానం వచ్చింది. టీచరమ్మ కూడా అదే అంది. ఈమధ్య అస్తమానం మిషను తీసి తట్టి చూసుకుంటోందట, ఊది మళ్లీ పెట్టుకుంటోందట, అదీ ఎక్కువగా వంటపాక దగ్గరట. నేను రెండు మిషన్లూ విప్పి, బ్యాటరీలు మార్చి, నా చెవికి పెట్టుకుని చూశాను. శుభ్రంగా పని చేస్తున్నాయి. మిషను బాగానే ఉంది, పిల్ల ఊరికే కెలుకుతోంది అని రాసుకున్నాను.

భోజనాల గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అప్పుడు తెలిసింది నాకు తేడా ఏమిటో. వంటపాక లోంచి మనిషి గొంతు లేదు. ఆవిడ వంచిన తల ఎత్తకుండా వడ్డిస్తోంది. ఎవరైనా పిల్లాడు ఇంకొంచెం సాంబారన్నా మాట్లాడకుండా గరిట ముంచుతోంది. నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగింది, కానీ నోరు తెరవలేదు. మనవరాలి వంక చూపించి పెదవుల మీద వేలు పెట్టుకుంది. నేను హెడ్మాస్టరు గారి వైపు తిరిగి ఏమైందండీ ఈవిడకు అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. మీరు చెప్పిందే కదండీ అన్నారు. పిల్ల కనుచూపు మేరలో ఉన్నంతసేపూ ఆవిడ నోరు విప్పదట. ఇంటి దగ్గరా అంతేనట. కొడుకునీ కోడలినీ కూడా పిల్ల ముందు మాట్లాడనివ్వడం లేదట. మొదట్లో బడిలో అందరూ నవ్వారు గాని, డాక్టరు చెప్పిన పథ్యం కదాని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఆవిడ పిల్లను పళ్లెం కడుక్కు రమ్మని సైగ చేసి పంపి, అది కుళాయి దగ్గరకు చేరిందాకా చూసి, నా దగ్గరకొచ్చి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా అండి?"

నేను ఏడ్చేశాను. బడిలో, పిల్లల ముందు, వంటపాక గుంజ పట్టుకుని. ఆవిడ కంగారుపడి, పిల్లకేమైనా తేడాగా ఉందా అండి, పత్యం ఎక్కడా తప్పలేదండి, ఒక్కసారి కాలు కాలినప్పుడు మాత్రం అమ్మో అన్నానండి అంటూ తప్పు ఒప్పుకోబోయింది. మాట్లాడండి మామ్మగారూ, మీరు ఎంత మాట్లాడితే అంత మంచిది, తెలుగులోనే మాట్లాడండి అన్నాను. ఆవిడ కుళాయి దగ్గరకు వెళ్లింది. వెనకనుంచి, మామూలు గొంతుతో, బుజ్జీ అని పిలిచింది. పిల్ల ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి వేసుకుంది. పళ్లెం సిమెంటు గచ్చు మీద పడింది. వెనక్కి తిరిగి నాయనమ్మ నోటి వంక చూసి, పరిగెత్తుకొచ్చి మిషనున్న చెవిని ఆవిడ నోటికి ఆనించి నిలబడింది. ఆవిడ ఆ చెవిలో ఏమేం చెప్పిందో నాకు వినపడలేదు. అంత పెద్ద గొంతు మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు నేను పాసింజరెక్కలేదు, హెడ్మాస్టరు గారింట్లో భోంచేసి ఆఖరి బస్సుకు వెళ్లాను.

ఆ తరవాత ఏడాది పాటు వారానికి రెండుసార్లు ఆ బడికి వెళ్లాను. నా అట్టలు సంచిలోనే ఉండేవి. వంటపాకే మా తరగతి గది. నాయనమ్మ తెలుగులో చెబుతుంది, అదే మాట టీచరమ్మ క్లాసులో ఇంగ్లీషులో చెబుతుంది, పిల్ల రెంటినీ జత చేసుకుంటుంది. ముందు చిన్న చిన్న మాటలు, తరవాత వాక్యాలు, ఆ తరవాత చాడీలు. టీచరమ్మ మీద నాయనమ్మకు చాడీ చెప్పిన రోజు ఇద్దరం పండగ చేసుకున్నాం. ఇంతా అయ్యాక నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నంత పని చేసి, నాదే తప్పండీ, ఆ ఏడు నెలలూ అనవసరంగా పోయాయి అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నన్ను చూసి జాలిపడింది. "పత్యమన్నాక కష్టం లేకుండా ఉంటదా అండి. పత్యం విడిచిన రోజునే కదండీ పిల్ల నా నోటికి చెవి పెట్టింది. మీ మందు అలా పనిచేసిందండి," అంది. ఎన్నిసార్లు చెప్పినా ఇదే మాట. పెద్దవాళ్లు తమ తప్పు తామే చెప్పుకుంటే అది వినయం అనుకునే ఊరు అది. ఊరంతా నాకు పేరొచ్చింది. చేసిన తప్పుకు ఇంత కీర్తి వచ్చిన మనిషి జిల్లాలో ఇంకొకరు ఉండరు. పోనీలే, పిల్లకు మాటొచ్చింది కదా అని నేనూ ఊరుకున్నాను. అదిగో, అలా ఊరుకున్నదే మొన్న సోమవారం ఫోనై మోగింది.

మర్నాడే వెళ్లాను. మోకాళ్లు సహకరించవు, అయినా ఆగలేకపోయాను. రైల్లో సీటు దొరికినా కొవ్వూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. నాకిప్పుడు ఆ ఉద్యోగం లేదు, సంచి లేదు, పెట్టె లేదు. మూడేళ్ల పిల్లాడు మాటలు పట్టుకునే వయసులో ఉన్నాడు, వాడి చుట్టూ ఇల్లంతా నెల రోజులుగా నోరు మూసుకుని కూర్చుంది, అదీ నా పేరు మీద. ఆ ఇంటికి వెళ్లేసరికి వంటామె అక్కడే ఉంది. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతోంది. పక్కనే మనవరాలు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, నాకంటే పొడుగైంది. పిల్లాడి తల్లి వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. చిన్న పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో. వాడు తల్లి గడ్డం పట్టుకుని లాగుతున్నాడు. నేను ఆ అమ్మాయికి చెప్పగలిగిందంతా చెప్పాను. మాట్లాడమ్మా, నీకు వచ్చిన భాషలో, వచ్చినట్టు మాట్లాడు అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూడలేదు, ముసలావిడ వంక చూసింది. ఆవిడ నవ్వి, మేడం గారు దయగల మనిషి, నీ కష్టం చూడలేక అలా అంటున్నారు, నేను ఏడు నెలలు పట్టానే, నువ్వు రెండు నెలలు పట్టలేవా అంది.

అప్పుడు మనవరాలు మాట్లాడింది. కొంచెం ముక్కుతో వస్తుంది మాట, ర సరిగ్గా పలకదు, గొంతు మాత్రం అచ్చం నాయనమ్మదే. ముందు ఆ తల్లికి చెప్పింది. "వద్దక్కా. నాకు గుర్తుంది. నాయనమ్మ నోరు కదలకపోతే నా మిషన్లో నాయనమ్మ పోయిందనుకున్నాను. బడిలో అందరి మాటలూ వచ్చేవి, నాయనమ్మదే వచ్చేది కాదు. తట్టేదాన్ని, ఊదేదాన్ని. రాత్రి దుప్పట్లో కూడా పెట్టుకుని పడుకునేదాన్ని. మేడం గారు వచ్చి బ్యాటరీ మార్చారు, ఆ రోజే నాయనమ్మ వచ్చేసింది. మేడమే బాగుచేశారనుకున్నాను."

ఆ రోజు నేను రిజిస్టరులో ఏం రాశానో నాకు గుర్తుకొచ్చింది. ముసలావిడ మనవరాలి వంక చాలాసేపు చూసింది. ఆవిడ నోట మాట పెగలకపోవడం, పథ్యం లేకుండా, అదే మొదటిసారి అయి ఉండాలి. చివరికి ఒక్కటే అడిగింది, ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేంటే అని.

"అప్పుడు చెప్పడానికి నాకు మాటలు లేవు కదా నాయనమ్మా. తరవాతేమో నువ్వు అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నావు," అంది ఆ పిల్ల.

ముసలావిడ లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. తరవాత వచ్చి పిల్లాడి తల్లి పక్కన కూలబడి, మాట్లాడవే తల్లీ, వాడికి ఏదో ఒకటి చెప్పు, నేను చెప్పింది మర్చిపో అంది. ఆ అమ్మాయి నెల రోజులుగా దాచుకున్నదంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆకలేస్తందా నాన్నా అంది. వాడు గడ్డం వదిలేసి ఆమె నోట్లో వేళ్లు పెట్టాడు. మేము బయటికొచ్చేశాం. మనవరాలు నన్ను ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. నీ మిషను నేను బాగుచేయలేదమ్మా, నీకు నాయనమ్మను లేకుండా చేసింది నేనే అన్నాను. తెలుసు మేడం, ఆరో క్లాసులోనే అర్థమైంది అని, నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

తిరుగు బండి అరగంట ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. ఆ బెంచీ ఇంకా అక్కడే ఉంది, వేరుశనగకాయలు అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ రోజు ఇక్కడ ఊరికే కూర్చున్న నలభై నిమిషాల్లో ఆ బడికి వెళ్లి, నా మాట వెనక్కి తీసుకుని, మళ్లీ ఇదే బండికి రాగలిగేదాన్ని. ఇప్పుడు ఎన్ని బళ్లు ఎక్కినా ఆ ఏడు నెలల్లోకి మాత్రం ఏ బండీ వెళ్లదు.